పల్లె నడిచే ఖర్చు ఎవరిస్తారు?

తెలంగాణ పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి, ఆర్థిక శాఖ మంత్రి గారికి, ఆ రెండు శాఖల ఉన్నతాధికారులకు నమస్కారాలు.

2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగి, దాదాపు ఇరవై రెండు నెలల ప్రత్యేకాధికారుల పాలన తర్వాత మన ఊళ్లకు మళ్లీ సర్పంచులు వచ్చారు. దండలు, డప్పులు అయిపోయాక మా మండలంలో నాకు తెలిసిన కొత్త సర్పంచులంతా పంచాయతీ కార్యదర్శిని అడిగిన మొదటి మాట ఒక్కటే: ఖాతాలో ఎంతుంది? ఖాతాలో ఉన్నదెంత, అందులో తీసుకోగలిగేది ఎంత అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలని వాళ్లకు అప్పుడే తెలిసింది.

పోయిన పాలకవర్గంలో, అంటే 2019 నుంచి 2024 దాకా, నేను మా ఊళ్లో వార్డు సభ్యుడిని. ఏ పార్టీ గుర్తూ లేని పదవి అది, నేనూ ఏ పార్టీ తరఫునా ఈ లేఖ రాయడం లేదు. రెండు ప్రభుత్వాల పాలననూ ఊరి నుంచి చూసినవాడిగా మీకు చెప్పాల్సింది ఒకటుంది. ఊళ్లో ఏదైనా కొత్తగా కట్టడానికి ఎక్కడో ఒకచోట డబ్బు దొరుకుతోంది. కట్టినదాన్ని నడపడానికి దొరకడం లేదు. నడపడానికి పనికొచ్చే డబ్బు పంచాయతీ పేరు మీద జమై ఉన్నప్పుడు కూడా అది ట్రెజరీ గడప దాటి రావడం లేదు.

పల్లెల బాగు కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన పల్లె ప్రగతి కార్యక్రమం 2019 సెప్టెంబరు 6న మొదలైంది. దానివల్ల ఏ మేలూ జరగలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అంతకుముందు మా ఊళ్లో వానాకాలంలో ఎవరైనా పోతే చెరువు కట్ట కింద బురదలో, టార్పాలిన్ పట్టుకుని నిలబడి కాల్చేవాళ్లం. వైకుంఠధామం వచ్చాక చనిపోయినవాళ్లకు ఒక మర్యాద దక్కింది. ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు వచ్చాయి. డంపింగ్ యార్డు, నర్సరీ, పల్లె ప్రకృతి వనం వచ్చాయి. రోజూ పొద్దున్నే చెత్త బండి ఇంటి ముందు ఆగడం పల్లెకు కొత్త. మా ఊళ్లో ముసలమ్మలు కూడా తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం నేర్చుకున్నారు.

ఇప్పుడు అదే ట్రాక్టరు దగ్గర కాసేపు ఆగండి. దాన్ని ఊరికే ఇవ్వలేదు. చాలా ఊళ్లలో బ్యాంకు అప్పు మీద కొన్నారు కాబట్టి నెలనెలా కిస్తీ కట్టాలి. డీజిల్ పోయాలి, డ్రైవరుకు జీతమివ్వాలి, ఏటా ఇన్సూరెన్స్ కట్టాలి. నాలుగైదేళ్లు తిరిగాక వెనక టైర్లు అరిగిపోతాయి, హైడ్రాలిక్ పంపు కారుతుంది, బ్యాటరీ పోతుంది. ఏ జీవోలోనూ టైర్ల మాట లేదు. ప్రత్యేకాధికారుల కాలంలో మా పక్క ఊరి కార్యదర్శి, ఇంకా పాతికేళ్లు దాటని అమ్మాయి, పెట్రోల్ బంకులో తన పేరు మీద ఉద్దెర పెట్టి డీజిల్ పోయించింది. బంకువాడు ఇక పోయనన్న రోజున చెత్త బండి ఆగిపోయింది. పైఅధికారులు ఆ అమ్మాయిని ‘బండి ఎందుకు తిరగలేదు’ అని అడిగారు గానీ, ‘డీజిల్‌కు డబ్బెక్కడిది’ అని ఎవరూ అడగలేదు. ఒక్క ఆమె కథే కాదు, రాష్ట్రమంతా ఎందరో కార్యదర్శులు సొంత జీతంలోంచి, అప్పు తెచ్చి పంచాయతీలను నెట్టుకొచ్చారన్నది మీ శాఖకు తెలియంది కాదు.

ఇంకొకటి చెబుతాను. ఎండాకాలం మధ్యలో ఎస్సీ కాలనీ బోరు మోటారు కాలిపోయిందనుకోండి. మిషన్ భగీరథ తాగునీటి పథకం నీళ్లు ట్యాంకు దాకా వస్తాయి, కానీ ఆ కాలనీ ఎత్తు మీద ఉంది, చివరి ఇళ్లకు నీళ్లెక్కవు, ఆ ఇళ్లకు బోరే దిక్కు. మోటారు పైకి తీయడానికి చైన్ పుల్లీ వాళ్లకు కూలి, మండల కేంద్రానికి ఆటో కిరాయి, వైండింగ్ ఖర్చు, కాలిపోయిన కేబులు, కొత్త స్టార్టరు. అది బాగై వచ్చేదాకా ట్యాంకరుతో నీళ్లు. నీళ్లు ఆగితే జనం ఆగరు, ఖాళీ బిందెలతో పంచాయతీ ముందు కూర్చుంటారు, కూర్చోవాలి కూడా. సర్పంచు ఆ రోజే జేబులోంచో, వడ్డీకి తెచ్చో పని చేయిస్తాడు. తర్వాత బిల్లు పెడతాడు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి చూసి ఎంబీలో, అంటే కొలతల పుస్తకంలో, పని రాస్తాడు. తీర్మానం చేస్తాం, సర్పంచు, ఉప సర్పంచు ఇద్దరూ సంతకం చేస్తే చెక్కు ట్రెజరీకి వెళ్తుంది, ఒక టోకెన్ నంబరు పడుతుంది. మామూలు మనిషికి అక్కడితో పని అయిపోయినట్టు అనిపిస్తుంది. ఆ టోకెన్ ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31న రద్దై, కొత్త ఆర్థిక సంవత్సరంలో మళ్లీ మొదటి నుంచి బిల్లు పెట్టుకోవాల్సి వచ్చిన సందర్భాలు నేను కళ్లారా చూశాను. మోటారుకు పెట్టిన డబ్బు మీద వడ్డీ మాత్రం నెల తప్పకుండా పెరిగింది.

2024 ఫిబ్రవరి 1తో పదవీకాలం ముగిసిన సర్పంచుల్లో చాలామంది ఇలాంటి బిల్లులు చేతపట్టుకునే దిగిపోయారు. వాళ్లు హైదరాబాదుకు వచ్చి ఆందోళన చేయబోతే ముందస్తు అరెస్టులు జరిగాయి. ఆ తర్వాత కొన్ని బిల్లులు విడుదల చేశారు, అందుకు సంతోషం. కానీ ఊరి డ్రైనేజీ కోసం ఇంట్లో బంగారం కుదువ పెట్టిన మనిషి తన సొంత డబ్బు కోసం పోలీసు వ్యాను ఎక్కడం చూశాక, పల్లెలో బుద్ధిమంతుడెవడైనా సర్పంచుగా నిలబడతాడా? పోటీ చేయమని మేం అడిగిన ఒక మంచి రైతు మాతో అన్నమాట ఇది: ‘మూడెకరాలుంది, అదీ పోగొట్టమంటారా?’ ఖర్చు పెట్టి గెలిచి, ఆ ఖర్చు ఎలాగైనా రాబట్టుకోగలనని ధీమా ఉన్నవాళ్లే చివరికి మిగులుతారు. బిల్లులు ఆపడం వల్ల జరిగే అసలు నష్టం ఇదేనని నా నమ్మకం. అప్పులు ఎప్పటికైనా తీరతాయి. మంచివాళ్లు పంచాయతీకి దూరమైతే తిరిగి రారు.

మీరు కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధుల గురించి చెబుతారు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఐదేళ్లకు దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసింది. వినడానికి చాలా పెద్ద మొత్తం. దాన్ని ఒక తండా దాకా తీసుకెళ్లి చూద్దాం. ఏడాదికి సుమారు 47,360 కోట్లు. 2011 లెక్కల ప్రకారం దేశంలో పల్లె జనం 83 కోట్ల పైచిలుకు. మనిషికి ఏడాదికి 570 రూపాయల లోపే. ఇందులో మండల, జిల్లా పరిషత్తుల వాటా పోగా గ్రామ పంచాయతీకి దక్కేది అత్యధికంగా 85 శాతం, అంటే మనిషికి 480 రూపాయలు అనుకుందాం. 600 మంది ఉన్న తండాకు ఏడాదికి 2 లక్షల 88 వేలు. ఆ సంఘం నిబంధన ప్రకారం అందులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యం పద్దుల కిందనే ఖర్చు చేయాలి. మిగిలిన 40 శాతం, 1 లక్షా 15 వేలు, పంచాయతీ తన అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. నెలకు 9,600 రూపాయలు. ఇది దేశ సగటు లెక్క, రాష్ట్రాన్ని బట్టి కొంత అటూఇటూ ఉంటుంది.

మన రాష్ట్రంలో పంచాయతీ మల్టీపర్పస్ కార్మికుడి, అంటే ఊడ్చడం నుంచి మోటారు వేయడం దాకా అన్నీ చేసే మనిషి జీతం నెలకు 9,500. అంటే తండా చేతిలో స్వేచ్ఛగా మిగిలేది ఒక్క కార్మికుడి జీతమంత. ఆ డబ్బును జీతాలకు గానీ, ఆఫీసు నిర్వహణ ఖర్చులకు గానీ వాడకూడదన్నది నిబంధన. మరి వీధులు ఊడ్చే మనిషికి, నీళ్లు వదిలే మనిషికి జీతం ఎక్కడి నుంచి ఇవ్వాలి? సొంత పన్నుల నుంచి, లేదా రాష్ట్రం ఇచ్చే గ్రాంటు నుంచి. తండాలో ఇంటి పన్ను ఎంత వస్తుందో మీకు చెప్పనక్కర్లేదు. కాబట్టి మొత్తం భారం రాష్ట్ర గ్రాంటు మీదే ఉంది. అది ఆగిందంటే తండాలో చీపురు ఆగినట్టే.

2018 పంచాయతీరాజ్ చట్టంతో నాలుగు వేలకు పైగా కొత్త పంచాయతీలు వచ్చాయి, మొత్తం 12,700 దాటాయి. ‘మా తండాలో మా రాజ్యం’ అని లంబాడా సోదరులు ఎన్నో ఏళ్లు కోరుకున్నది నెరవేరింది. ఆ నిర్ణయాన్ని నేను మనసారా సమర్థిస్తాను. పక్క ఊరి పెద్దమనుషుల గుమ్మం ముందు నిలబడి వీధి దీపం అడుక్కునే స్థితి పోయింది. కానీ చాలాచోట్ల పంచాయతీకి సొంత భవనం లేదు, బడి గదిలోనో అద్దె గదిలోనో నడుస్తోంది. జనాభా లెక్కన నిధులు పంచితే చిన్న పంచాయతీ ఎప్పటికీ కోలుకోదు, ఎందుకంటే కొన్ని ఖర్చులు జనాభాతో తగ్గవు. 600 మందికైనా, 6,000 మందికైనా కార్యదర్శికి ఒక బల్ల, కంప్యూటరు, ఇంటర్నెట్ కావాలి. ట్రాక్టరు ఒకటే, కిస్తీ ఒకటే. అందుకే జనాభాతో సంబంధం లేకుండా ప్రతి పంచాయతీకి నెలకు ఇంత అని ఒక కనీస మొత్తం రాష్ట్రం ఖాయం చేయాలి. 16వ ఆర్థిక సంఘం కాలం 2026 ఏప్రిల్ 1 నుంచి కాబట్టి, రాష్ట్ర గ్రాంటు సూత్రాన్ని మార్చుకోవడానికి ఇదే సరైన సమయం.

చట్టం గురించి ఒక్క మాట. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం మొక్కల పెంపకానికి (గ్రీన్ బడ్జెట్‌కు) పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి, బతకకపోతే సర్పంచు పదవికే ముప్పు. నిర్లక్ష్యం చేశాడనిపిస్తే సర్పంచును సస్పెండ్ చేసే అధికారం కలెక్టరుకు ఉంది. మంచిదే, బాధ్యత ఉండాలి. అయితే ఆ మొక్కలకు నీళ్లు పోసిన ట్యాంకరు బిల్లు రెండేళ్లు ఆగితే బాధ్యులెవరు? చట్టం మొత్తంలో దానికి జవాబు లేదు. కింద ఉన్నవాడికి గడువు, శిక్ష రెండూ ఉన్నాయి. పైన ఉన్నవాడికి రెండూ లేవు. ఈ అన్యాయాన్ని సరిచేయమని అడగడానికే ప్రధానంగా ఈ లేఖ.

సరిచేసే పద్ధతి కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. కేంద్రం విడుదల చేసిన ఆర్థిక సంఘం గ్రాంటు రాష్ట్రానికి చేరాక పది పని దినాల్లో స్థానిక సంస్థలకు అందాలి, ఆలస్యమైతే వడ్డీతో కలిపి ఇవ్వాలి అన్న నిబంధన ఇప్పటికే ఉంది. అదే నిబంధనను రాష్ట్రం తన సొంత గ్రాంటుకూ, ట్రెజరీలో ఉన్న పంచాయతీల సాధారణ నిధికీ వర్తింపజేసుకోవాలి. టోకెన్ పడిన చెక్కు పది పని దినాల్లో పాస్ కావాలి. కాకపోతే ఆ రోజు నుంచి పంచాయతీకి వడ్డీ రావాలి. ఇంటి పన్ను నాలుగు రోజులు ఆలస్యమైతే మా దగ్గర అపరాధ రుసుము తీసుకుంటున్నారు, మేం కట్టిన అదే డబ్బు నెలలు ఆగితే ఊరికి వడ్డీ ఎందుకు రాకూడదు?

సాధారణ నిధిని ఆపడం మాకు మరీ బాధ కలిగిస్తుంది. అందులో ఉన్నది ప్రభుత్వం దయతో ఇచ్చిన డబ్బు కాదు. కార్యదర్శి ఇల్లిల్లూ తిరిగి వసూలు చేసిన ఇంటి పన్ను, నల్లా పన్ను, దుకాణాల లైసెన్సు ఫీజు. మా ఊళ్లో బీడీలు చుట్టే ఒక అవ్వ ప్రతి ఏడూ మార్చిలో రసీదు తీసుకుని దేవుడి పటం వెనక పెట్టుకుంటుంది. ఆమె కట్టిన సొమ్ముతో ఆమె వీధిలో బల్బు వేయడానికి హైదరాబాదు నుంచి అనుమతి రావాలంటే ఆమెకు ఎలా చెప్పాలి? దీనికి తోడు భూముల రిజిస్ట్రేషన్ల మీద వసూలయ్యే సుంకంలో పంచాయతీల వాటా, కంకర, ఇసుక, గ్రానైటు తవ్వకాల మీద ప్రభుత్వం వసూలు చేసే సీనరేజి రుసుములో వాటా ఉన్నాయి. మా మండలంలో క్వారీ లారీలు రోడ్లన్నీ గుంతలు చేసి పోతున్నాయి. ఆ క్వారీ వల్ల మా పంచాయతీలకు ఏ సంవత్సరం ఎంత రావాలో, ఎంత వచ్చిందో చూపించే కాగితం ఊళ్లో ఎక్కడా దొరకదు.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 ప్రాంతంలో పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద సర్దుబాటు చేసినందుకు అక్కడి సర్పంచులు పార్టీలకు అతీతంగా రోడ్డెక్కారు. ఖాతాలో రాత్రి ఉన్న డబ్బు తెల్లారేసరికి లేదని వాళ్లు చెప్పుకున్నారు. కరెంటు బిల్లు కట్టాల్సిందే. కానీ ఎవరి ఇంటి బీరువా తాళం వాళ్ల దగ్గరే ఉండాలి కదా. పంచాయతీ తీర్మానం లేకుండా పంచాయతీ ఖాతాను ముట్టుకోవడం ఏ రాష్ట్రంలో జరిగినా తప్పే.

సర్పంచుల చేతికి డబ్బిస్తే తినేస్తారని కొందరు అధికారులు అంటారు. తిన్నవాళ్లు ఉన్నారు, మేమూ చూశాం, వేయని రోడ్డుకు బిల్లు పెట్టినవాళ్లను గ్రామసభలో నిలదీశాం కూడా. తిన్నవాణ్ణి పట్టుకోవడానికి ఆడిట్ ఉంది, సర్పంచు, ఉప సర్పంచు ఇద్దరూ సంతకం చేయాలన్న జాయింట్ చెక్ పవర్ ఉంది, ఆర్థిక సంఘం నిధుల ఖర్చు ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే కేంద్ర వెబ్‌సైటులో కనబడుతుంది. వాటిని గట్టిగా వాడండి, దోషిని జైలుకు పంపండి, మేం అడ్డుపడం. కానీ ఒకడు తిన్నాడని మొత్తం పన్నెండు వేల ఊళ్లకు నీళ్ల మోటారు డబ్బు ఆపడం న్యాయం కాదు.

ఇంకొందరు గంగదేవిపల్లిని చూడమంటారు. వరంగల్ జిల్లా గీసుగొండ మండలంలోని ఆ ఊరు చూసి నేర్చుకోవాల్సిందే. నీళ్లకు, పారిశుద్ధ్యానికి, పొదుపుకు దేనికదే కమిటీ పెట్టుకుని ఊరంతా కలిసి నడిచారు. ఆదిలాబాద్ జిల్లాలో ముఖరా కె అనే ఊరు చెత్తతో ఎరువు చేసి అమ్ముకుంటోంది. ఆ ఊళ్లకు నా దండం. కానీ అక్కడ దశాబ్దాలుగా కుదిరిన ఐకమత్యం, నాయకత్వం, బయటి సంస్థల తోడ్పాటు ఉన్నాయి. ఆదర్శ గ్రామానికి అవార్డు ఇవ్వండి, మామూలు గ్రామానికి దాని హక్కు ఇవ్వండి. తాగునీరు అందడానికి ఊరు ఆదర్శం కావాల్సిన అవసరం ఉండకూడదు.

కొత్త పనుల మంజూరు గురించి కూడా ఒక విన్నపం. సీసీ రోడ్డు మంజూరవుతుంది, పక్కన మురికికాలువ ఉండదు. రోడ్డు పడిన ఏడాదికి పైపు కోసం దాన్ని తవ్వుతారు, మళ్లీ పూడ్చే డబ్బు ఏ పద్దులోనూ ఉండదు. క్రీడా ప్రాంగణం బోర్డు ఉంటుంది, లోపల తుమ్మచెట్లు ఉంటాయి. వైకుంఠధామంలో స్నానాల గది ఉంటుంది, నల్లా ఉండదు. కాబట్టి ఇకనుంచి ఊళ్లో ఏ కట్టడం మంజూరు చేసినా, ఆ ఉత్తర్వులోనే రాబోయే ఐదేళ్లకు దాని నిర్వహణ ఖర్చెంత, ఎవరిస్తారు, ఏ పద్దు నుంచి ఇస్తారు అన్నది రాయండి. ఆ వాక్యం లేని మంజూరును పంచాయతీ తీర్మానంతో తిరస్కరించే హక్కు ఇవ్వండి. పది కొత్త భవనాలకు బదులు ఉన్నవాటికి నీళ్లు, కరెంటు, ఒక మనిషి ఉంటే చాలనే ఊళ్లు నాకు చాలా తెలుసు.

కార్మికుల సంగతి వేరుగా చెప్పాలి. 500 మంది జనాభాకు ఒకరు చొప్పున పెట్టి, ఊడ్చేవాళ్లనే మోటారు వేయమని, ట్రాక్టరు నడపమని, మొక్కలకు నీళ్లు పోయమని మల్టీపర్పస్ అన్నారు. కరెంటు పని రానివాళ్లు స్తంభం ఎక్కాల్సి వచ్చింది. 2023 జూలైలో మొదలుపెట్టి వాళ్లు నెలకు పైగా సమ్మె చేశారు, అది గొంతెమ్మ కోరికల కోసం కాదు. ఇవాళ్టికీ ఉద్యోగి జీతం ఒకటో తేదీన పడుతుందేమో గానీ, మురికికాలువలో దిగే మనిషి జీతం ఎప్పుడొస్తుందో అతని భార్య దుకాణంలో చెప్పలేకపోతోంది. ఏ నెలైనా నిధులు తక్కువైతే మొదట ఆ 9,500 ఇచ్చి, తర్వాతే మిగతా ఏ బిల్లైనా చూడాలని ఉత్తర్వు ఇవ్వండి.

రాజ్యాంగం 73వ సవరణతో 243-ఐ అధికరణ కింద ఐదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలి, దాని సిఫారసులను, వాటి మీద ప్రభుత్వం తీసుకున్న చర్యలను శాసనసభ ముందు పెట్టాలి. ఆ సవరణ అమలులోకి వచ్చింది 1993 ఏప్రిల్ 24న. ముప్ఫై ఏళ్లు దాటినా పల్లె వాటా ఎంతో రాష్ట్రం ఖచ్చితంగా చెప్పడం లేదు. మన రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసులను, చర్యల నివేదికతో పాటు సభలో చర్చకు పెట్టండి, తెలుగులో అచ్చువేసి ప్రతి పంచాయతీకి పంపండి. గ్రామసభలో చదువుకుంటాం. ఏ ప్రభుత్వం ఎంత ఇస్తానని ఎంత ఇచ్చిందో మా పిల్లలకు తెలియాలి.

చివరిగా ఒక చిన్న పని, దీనికి ఖర్చు కూడా లేదు. ప్రతి నెలా ఒకటో తేదీన ప్రతి పంచాయతీ నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించేలా ఆదేశించండి. కిందటి నెల కేంద్రం నుంచి వచ్చింది ఎంత, రాష్ట్రం నుంచి వచ్చింది ఎంత, రిజిస్ట్రేషన్లు, సీనరేజి వాటా ఎంత, పన్నులు వసూలైంది ఎంత, ట్రెజరీలో ఆగి ఉన్న చెక్కులు ఏవి, ఏ తేదీ నుంచి ఆగి ఉన్నాయి. కింద ట్రెజరీ అధికారి సంతకం ఉండాలి. వచ్చే మార్చిలో కార్యదర్శి ఇంటి పన్ను కోసం మా గడపకు వచ్చేసరికి ఆ కాగితం బోర్డు మీద ఉండాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఉమ్మడి వరంగల్ జిల్లాకు చెందిన ఒక మాజీ వార్డు సభ్యుడు